గోల్ వైపు చూడకండి

2008లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు గీలాంగ్ లీగ్ ఆటలు 22 ఆడి ఒక్కటే ఓడింది. ఆ సెప్టెంబర్‌లో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో లక్షమంది ముందు జరిగిన గ్రాండ్ ఫైనల్లో హాథోర్న్‌తో తలపడింది. ఆట అయ్యేసరికి బోర్డు మీద గీలాంగ్‌కి 11 గోల్స్, 23 బిహైండ్లు, మొత్తం 89. హాథోర్న్‌కి 18 గోల్స్, 7 బిహైండ్లు, మొత్తం 115. స్కోరు వచ్చిన సందర్భాలు గీలాంగ్‌కి 34, హాథోర్న్‌కి 25. కప్పు మాత్రం హాథోర్న్ ఎత్తుకెళ్లింది. ఆ 23 బిహైండ్లలో చాలావాటిని హాథోర్న్ డిఫెండర్లే కావాలని గీత దాటించారన్నది నిజం. ఆ ఎత్తుగడ మీద ఎంత రగడ జరిగిందంటే, మరుసటి ఏడాదే దాన్ని అడ్డుకునే నిబంధన తెచ్చారు. అయినా సరే, అందాల్సిన గోల్స్ చేజార్చుకున్న జట్టు ఆ రోజు గీలాంగే.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1948 గ్రాండ్ ఫైనల్లో ఎసెండన్ 7 గోల్స్, 27 బిహైండ్లు కొట్టింది. మెల్‌బోర్న్ 10 గోల్స్, 9 బిహైండ్లు కొట్టింది. లెక్క వేస్తే ఇద్దరికీ 69. వారం తర్వాత మళ్లీ ఆడించారు, మెల్‌బోర్న్ గెలిచింది. నాకు ఆ 27 అంకె చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో, అక్కడివాళ్లు ముద్దుగా పిలిచే ఫుటీలో, ఒక్కో చివర నాలుగు పోస్టులు ఒకే వరసలో ఉంటాయి. నడిమి రెండూ పొడవైనవి, వాటి మధ్య ఎడం 6.4 మీటర్లు. సొంత జట్టువాడి కాలితో తన్నిన బంతి, ఎవరి చెయ్యీ తగలకుండా ఆ సందులోంచి పోతే గోల్, 6 పాయింట్లు. అటూ ఇటూ ఉన్న పొట్టి పోస్టు వైపు జారితే బిహైండ్, 1 పాయింటు. పొడవు పోస్టుకు రాసుకున్నా అంతే, ఒక్కటే. మరో ఆటగాడు, ఏ జట్టువాడైనా సరే, తన్నిన బంతి కనీసం 15 మీటర్లు వచ్చాక దాన్ని గాల్లోనే పట్టుకుంటే మార్క్ అంటారు. అప్పుడు ఎవరూ మీద పడకుండా నిలకడగా తన్నుకునే అవకాశం వస్తుంది. అదే సెట్ షాట్. దానికి 30 సెకన్ల గడువు.

ఈ సలహాలన్నీ ఆ సెట్ షాట్ గురించే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చలికాలం రాగానే పిల్లలు ఆస్కిక్‌లో, అంటే చిన్నపిల్లల ఫుటీ శిక్షణలో, చేరతారు. ఇంట్లో అందరికీ క్రికెట్ తెలుసు, ఫుటీ ఎవరికీ తెలియదు. కాబట్టి పిల్లవాడికి కాలు ఎలా ఊపాలో చెప్పే దిక్కు ఇంట్లో ఉండదు. ఆ పిల్లల కోసం, వాళ్లని దింపి కంచె పక్కన నిలబడే అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. చెప్పేది ఒక్కటే: గోల్ కొట్టడం రావాలంటే గోల్‌ని చూడడం మానెయ్యాలి. కోచ్‌లు చెప్పేదానికి ఇది చాలాచోట్ల ఎదురు వెళుతుంది. వెళ్లనివ్వండి.

మొదటి సంగతి, పోస్టులున్న మైదానంలో సాధన చెయ్యకండి. కనీసం ఒక సీజన్ అంతా. ఖాళీ పార్కులో ఒక తిన్నని గీత వెతుక్కోండి. క్రికెట్ పిచ్ అంచో, నెట్‌బాల్ కోర్టు గీతో, కాలిబాటకీ గడ్డికీ మధ్య హద్దో, ఏదైనా సరే. పిల్లవాడు ఒక చివర, మీరు మరో చివర. బంతి ఆ గీత మీదుగా వెళ్లాలి, గీత మీదే పడాలి.

పోస్టులు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. గోల్‌కి ఎదురుగా 20 మీటర్ల దూరంలో నిలబడితే ఆ 6.4 మీటర్ల సందు మీ కంటికి 18 డిగ్రీల వెడల్పున తెరుచుకుని ఉంటుంది. 40 మీటర్లకు వెళితే 9 డిగ్రీలు. 50 మీటర్ల గీత దగ్గర 7 చిల్లర. పక్కకి జరిగి 45 డిగ్రీల కోణంలో 40 మీటర్ల దూరాన నిలబడితే ఆ సందు నాలుగున్నర మీటర్లే ఉన్నట్టు కనిపిస్తుంది, అంటే ఆరున్నర డిగ్రీలు. ఇప్పుడు చెప్పండి, పిల్లవాడు రోజూ 20 మీటర్ల నుంచి కొడుతున్నాడు. బంతి కాలి మీద వంకరగా పడింది, ఏడు డిగ్రీలు పక్కకి పోయింది, అయినా గోలే. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పుకి బహుమతి దొరికింది. అదే తన్నుడు 40 మీటర్ల నుంచి తన్నితే పక్క పోస్టు వైపు పోతుంది. అప్పుడు 'దూరం ఎక్కువైంది, బలం చాలలేదు' అనుకుని మరింత గట్టిగా తన్నడం మొదలుపెడతాడు. వంకర మరింత పెరుగుతుంది. గీత దగ్గర ఈ మోసం జరగదు. 20 మీటర్లకైనా, పదికైనా, గీత తప్పితే తప్పినట్టే.

దీనికి కోచ్‌లు అడ్డు చెబుతారు. పిల్లలు గోల్ కొట్టే సంబరం కోసమే కదా వస్తారు, ఆ సంబరం తీసేస్తే ఆట మానేస్తారు అంటారు. మానేస్తారని నేననుకోను. పిల్లలకి సంబరం బంతి కాలికి సరిగ్గా తగిలినప్పుడు వచ్చే ఆ 'ధప్' అనే చప్పుడులోనే ఉంది. పోస్టులంటే సంబరపడేది పెద్దవాళ్లు.

ఇక రెండో సంగతి, అన్నింటికన్నా ముఖ్యమైనది, చేతిలోంచి బంతి కాలి మీదికి దిగడం. ఫుటీలో తన్నడం కాలితో మొదలవదు, చేతితో మొదలవుతుంది. సెట్ షాట్‌కి అందరూ వాడేది డ్రాప్ పంట్. కోలగా ఉండే బంతిని నిలువుగా పట్టుకుని, నిలువుగానే వదిలి, కింది కొనకి కొంచెం పైన పాదంతో తాకించాలి. అప్పుడు బంతి వెనక్కి పల్టీలు కొడుతూ ముందుకి పోతుంది. ఆ పల్టీలే దాన్ని గీత తప్పకుండా నడిపిస్తాయి. నిలువుగా దిగాల్సిన బంతి ఒక పక్కకి వాలి దిగిందా, పాదం ఎంత తిన్నగా ఊపినా పల్టీ వంకరగా పడుతుంది, బంతి అటే జారిపోతుంది. తప్పిపోయిన సెట్ షాట్‌ని నెమ్మదిగా తిప్పి చూడండి. కాలి దోషం కనిపించేది అరుదు. చెయ్యే ముందుగా చెడగొట్టి ఉంటుంది.

కుడికాలి వాటం పిల్లవాడైతే ఇలా చెయ్యాలి. బంతి కుట్లు ముందుకి. రెండు అరచేతులూ రెండు పక్కల. వేళ్లు విప్పి, బిగించకుండా. ఆఖరి అడుగుకి ముందు ఎడమచెయ్యి వదిలి పక్కకి పోతుంది, కుడిచెయ్యి ఒక్కటే బంతిని కుడితొడకి సూటిగా కిందికి తీసుకెళుతుంది. నడుము దగ్గర వదలాలి. ఛాతీ దగ్గర వదిలితే బంతి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది. అంతసేపూ గాలి దానితో ఆడుకుంటుంది, అది ఒరగడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. వదిలే దూరం ఎంత తగ్గిస్తే తప్పుకి అంత తక్కువ చోటు. మడమ వెనక్కి, వేళ్లు ముందుకి చాచి పాదాన్ని బిగబట్టాలి. తగలాల్సింది పాదం పైభాగం, లేసులు కట్టే చోటు.

ఇందుకు నా సలహా: మొదటి నెలంతా తన్నొద్దు. ఇంట్లో టైల్స్ నేల మీద బంతిని వదలడమే సాధన. నిలువుగా దిగిన బంతి కొన మీద పడి నిలువుగా లేచి చేతికి వస్తుంది. ఒరిగి దిగిన బంతి గది మూలకి పరుగెడుతుంది. కోల బంతికి అబద్ధం చేతకాదు. వదులు, పట్టుకో. వదులు, పట్టుకో. అన్నం వండుకుంటూ కూడా ఇది చూసి చెప్పొచ్చు, ఫుటీ తెలియని అమ్మ కూడా చాలు. పిల్లవాడికి విసుగొస్తుందంటారా? వస్తుంది. నిలువుగా లేచిన బంతి మళ్లీ అలాగే లేవాలని పట్టుదల వచ్చేదాకా ఆ విసుగుని భరించండి. బంతి మాత్రం వయసుకి తగ్గ సైజుదే కొనండి. పెద్దవాళ్లు ఆడే 5 సైజు షెరిన్ కంపెనీ బంతి చిన్నచేతుల్లో ఇమడదు. ఇమడని బంతిని చిన్నచెయ్యి నిలువుగా వదలలేదు. 'ఎలాగూ పెరుగుతాడుగా' అని పెద్ద సైజు కొనే మన అలవాటు చొక్కాలకి సరే, ఇక్కడ వద్దు.

కళ్లు ఎక్కడ ఉండాలన్నదే నా అసలు పట్టు. సాధారణంగా చెప్పేదేమిటంటే, పోస్టుల వెనక జనంలో ఒక చిన్న గుర్తు చూసుకో, ఎర్ర టోపీనో, ప్రకటన బోర్డు మీద ఒక అక్షరాన్నో, దానికేసి తన్ను అని. సగం మంచి సలహా ఇది. చిన్న గుర్తు చూసుకోవడం వరకూ బాగానే ఉంది. కానీ ఆ గుర్తు మీద కన్ను అలాగే ఉంచి పరుగు తీస్తే తల పైకి లేస్తుంది, తల లేస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే బంతి వదిలే చెయ్యి ముందుకి జరుగుతుంది. అంతే, బంతి ఒరిగింది. అందుకే ఒక్కసారి చూడండి, గీత మనసులో గీసుకోండి, ఇక తల దించండి. ఆ తర్వాత కళ్లకి కనబడాల్సింది బంతి ఒక్కటే. కాలికి తగిలిన చప్పుడు వినబడ్డాకే తల ఎత్తాలి. అంతకన్నా ముందుకి కూడా వెళతాను: సాధనలో అప్పుడు కూడా ఎత్తొద్దు. తన్నగానే వెనక్కి తిరిగి మరో బంతి తీసుకోమనండి. ఆ బంతి ఎక్కడ పడిందో చూడ్డం అవతలి చివర ఉన్న మీ పని.

ఫలితం చూడకుండా ఎవరైనా ఎలా నేర్చుకుంటారని అడిగేవాళ్లు చాలామంది. నా జవాబు: ఫలితం మంచి గురువు కాదు. చక్కగా తన్నిన బంతిని గాలి నెట్టి పోస్టుకి తగిలించవచ్చు. చెత్తగా తన్నిన బంతి ఊగుతూ ఊగుతూ సందులో దూరవచ్చు. రెండోదాన్ని గోల్ అంటారు, గోల్ అంపైర్ రెండు జెండాలూ ఊపుతాడు. కాలికి మాత్రం తెలుసు ఏది సరైనదో. ఆ కాలి మాట వినే అలవాటు పిల్లవాడికి చేయాలంటే, కంటికి కాసేపు సెలవు ఇవ్వాలి. కోచ్ బంతి చూసి మార్కులు వేస్తే పిల్లవాడు కోచ్ ముఖం చూస్తాడు. ఎవరూ మార్కులు వేయకపోతే తన పాదాన్ని తానే అడుగుతాడు.

పీటర్ హడ్సన్‌ని తలచుకోకుండా ఈ మాట పూర్తవదు. టాస్మేనియా నుంచి వచ్చి హాథోర్న్‌కి ఆడినవాడు. 129 ఆటల్లో 727 గోల్స్. ఆటకి సగటున 5.64. ఆ లీగ్ చరిత్రలో అంతకుమించిన సగటు ఇంకెవరికీ లేదు. అతను తన్నింది పుస్తకాల్లో ఉండే డ్రాప్ పంట్ కాదు, ఫ్లాట్ పంట్. బంతిని అడ్డంగా పడుకోబెట్టినట్టు వదిలి తన్నేవాడు. చూడ్డానికి అందం లేదని అప్పట్లోనే అనేవారు. పోటీగా కాలింగ్‌వుడ్‌లో పీటర్ మెకెన్నా, డ్రాప్ పంట్‌కి నిలువెత్తు నమూనా, 1970 నుంచి వరసగా మూడు సీజన్లు వందకి పైగా గోల్స్ కొట్టాడు. ఇద్దరి పద్ధతులూ ఉత్తర దక్షిణాలు. అందుకే నేను గట్టిగా చెబుతాను: పిల్లవాడి బంతి ప్రతిసారీ ఒకేలా దిగుతూ ఉంటే, అది పుస్తకంలో బొమ్మలా లేకపోయినా, దాన్ని ముట్టుకోకండి. ఎవరినీ ముట్టుకోనివ్వకండి. కాస్త అందంగా ఉండాలని సరిదిద్దబోయి, అప్పటిదాకా తిన్నగా వెళ్లే తన్నుడుని పోగొట్టిన పెద్దలు ఉంటారు.

హడ్సన్ కథలో ఇంకోటి ఉంది. 1971లో అతని గోల్స్ లెక్క 1934లో బాబ్ ప్రాట్ కొట్టిన 150 రికార్డుని అందుకుంది. అది సెయింట్ కిల్డాతో గ్రాండ్ ఫైనల్ జరిగిన రోజు. ఇంకొక్కటి కొడితే రికార్డు ఒంటరిగా తనదే. అవకాశాలు వచ్చాయి, పడలేదు. ఆట మొదట్లోనే అతని తలకి గట్టి దెబ్బ తగిలింది, దాన్ని కాదనను. అయినా ఆటకి అయిదున్నర గోల్స్ అలవోకగా కొట్టేవాడికి ఆ ఒక్కటి ఎందుకు పడలేదని నన్నడిగితే, ఆ రోజు మైదానంలో అందరి కళ్లూ ఒక అంకె మీద ఉన్నాయంటాను. హాథోర్న్ 7 పాయింట్లతో కప్పు గెలిచింది. లెక్క 150 దగ్గరే ఆగింది. కాబట్టి పిల్లవాడి గోల్స్ లెక్కపెట్టకండి. ఫ్రిజ్ మీద పట్టిక అంటించకండి. తాతయ్యకి వాట్సాప్‌లో 'ఈరోజు మూడు కొట్టాడు' అని పంపకండి.

పరుగు గురించి. పిల్లలందరూ లాన్స్ ఫ్రాంక్లిన్‌లా ఎడమకి వంపు తిరుగుతూ పరుగెత్తి తన్నాలనుకుంటారు. 2022 మార్చిలో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో అతను వెయ్యో గోల్ కొట్టినప్పుడు వేలమంది కంచె దూకి మైదానంలోకి ఉరికారు. ఆ దృశ్యం చూసిన పిల్లవాడికి ఆ వంపు పరుగు మీద మోజు పుట్టకపోతేనే ఆశ్చర్యం. ఫ్రాంక్లిన్ ఎడమకాలి వాటం మనిషి, పొడగరి. ఆ వంపు అతని ఒంటికి పుట్టుకతో వచ్చింది. అరువు తెచ్చుకున్నవాడికి అది గీత పక్కనుంచి పరుగెత్తించే దారి మాత్రమే. మీ పిల్లవాడిని నడవమనండి. అవును, నడకే. గీత మీద ఏడెనిమిది అడుగులు నడిచి, ఆఖరి మూడు కొంచెం చురుగ్గా వేసి తన్నడం. దూరం తగ్గుతుందా, తగ్గనివ్వండి. 30 మీటర్ల నుంచి నడిచి కొట్టగలిగినవాడే 45 మీటర్ల నుంచి పరుగెత్తి కొట్టడానికి అర్హుడు. ఈ ఆటలో అందరికన్నా ఎక్కువగా 1360 గోల్స్ కొట్టిన టోనీ లాకెట్ సెట్ షాట్లు వెతికి చూడండి. అంత భారీ మనిషి, అడుగుల్లో తొందర కనబడదు, ప్రతిసారీ అదే దారి, అదే తీరు. 1937 నుంచి గోర్డన్ కోవెంట్రీ పేరు మీద ఉన్న 1299 గోల్స్ రికార్డుని అతను 1999లో దాటింది ఆ తీరుతోనే.

30 సెకన్లూ వాడుకోమని చెప్పేవాళ్లు ఉన్నారు. ఊపిరి కుదుటపరచుకో, సాక్సు లాగుకో, గడువంతా నీదే అంటారు. ససేమిరా వద్దు. ఆలోచన చొరబడడానికి 30 సెకన్లు చాలా ఎక్కువ. వెనక్కి తిరిగి నడువు, తిరుగు, ఒకసారి చూడు, దించు, నడువు. పదిహేను సెకన్లలో అయిపోవాలి. మార్క్ పట్టిన చోట ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థి చేతులు ఊపుతాడు, మాటలంటాడు. మనం ఆలస్యం చేసేకొద్దీ అతని మాటలకి మనమే చెవి అద్దెకిస్తున్నట్టు.

గడ్డి విసిరే సంగతి కూడా తేల్చేద్దాం. ఎసెండన్‌కి ఆడిన మాథ్యూ లాయిడ్ ప్రతి సెట్ షాట్‌కి ముందు గడ్డి పరకలు పీకి గాల్లోకి వదిలేవాడు. డాక్‌లాండ్స్ స్టేడియంలో పైకప్పు మూసి ఉన్నప్పుడు కూడా. అది గాలి చూడడానికి కాదు, మనసుని ఒక దారిలో పెట్టుకోవడానికి. అతను 926 గోల్స్ కొట్టాడు, అతనిష్టం. మీ పిల్లవాడికి మాత్రం గాలి చూడడం నేర్పకండి. మైదానంలో జెండా ఎటు ఊగుతోందో చూసి, గురిని రెండు మీటర్లు పక్కకి జరిపి తన్నే పిల్లవాడు తన గీతని తానే నమ్మడం మానేస్తాడు. గాలి లేని రోజున కూడా చెయ్యి పక్కకే పోతుంది. తిన్నగా తన్నమనండి, గాలి ఏం చేస్తే అది చేస్తుంది. పల్టీలు గట్టిగా తిరిగే డ్రాప్ పంట్ గాలిని చాలావరకు ఓర్చుకుంటుంది. పెద్ద మైదానాల్లో స్టాండ్ల మధ్య గాలి సుళ్లు తిరుగుతుంది, జెండా ఒకటి చెబుతుంది, బంతి దారిలో గాలి మరొకటి చేస్తుంది. జెండాని నమ్మినవాడు రెండుసార్లు నష్టపోతాడు.

మూలల నుంచి స్నాప్ కొట్టడం ఇప్పుడు ఫ్యాషన్. సెట్ షాట్‌కి కూడా, ఎవరూ మీద పడకపోయినా, పక్కకి తిరిగి కాలు చుట్టి కొడతారు. ఎడ్డీ బెట్స్ అడిలైడ్ ఓవల్ మూలలో చేసిన అద్భుతాలు, అంతకుముందు కాలింగ్‌వుడ్ పీటర్ డైకాస్ చేసినవి, చూసి మురిసిపోవాల్సినవే. కానీ అవి ఎక్కువగా ఆట నడుస్తుండగా, ఊపిరి తీసుకునే వ్యవధి లేనప్పుడు పుట్టినవి. నిలబడి తన్నే తీరిక ఉన్నప్పుడు వంకర తన్నుడు ఎందుకు? 2018 గ్రాండ్ ఫైనల్ ఆఖరి నిమిషాల్లో వెస్ట్ కోస్ట్ ఆటగాడు డామ్ షీడ్‌కి బౌండరీ గీతకి ఆనుకుని, మహా ఇరుకు కోణంలో సెట్ షాట్ వచ్చింది. చుట్టూ కాలింగ్‌వుడ్ జనం అరుస్తున్నారు. అతను తన్నింది డ్రాప్ పంట్. గోల్. వెస్ట్ కోస్ట్ 79, కాలింగ్‌వుడ్ 74. ఆ ఒక్క వీడియో పిల్లవాడికి చూపించండి, చాలు. బంతిని గాల్లో వంపు తిప్పే బనానా కిక్కులూ, స్నాప్‌లూ పదహారేళ్లు దాటాక తనే నేర్చుకుంటాడు. బంతిని మరలా తిప్పుతూ దూరం పంపే టార్పీడో కూడా అంతే. 1976లో ప్రిన్సెస్ పార్క్‌లో సైరన్ మోగాక మాల్కమ్ బ్లైట్ టార్పీడోతో చాలా దూరం నుంచి కొట్టి కార్ల్‌టన్‌ని ఓడించిన గోల్ తలచుకుని ఆ ఆట ప్రేమికులు ఇప్పటికీ పరవశిస్తారు. ఆ పరవశం వల్లే ఎన్నో పార్కుల్లో ఎన్నో బంతులు పక్క రోడ్డు మీద పడుతున్నాయి.

అలసటలో సాధన చేయాలన్న మాట మరొకటి. ఆటలో పెద్దవాళ్లు పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పరుగెడతారు, గుండె కొట్టుకుంటూ ఉండగానే తన్నాలి, కాబట్టి పరుగెత్తించి పరుగెత్తించి ఆపైన తన్నించాలి అంటారు. వినడానికి సబబుగా ఉంటుంది. నాకు మాత్రం అది తప్పుల్ని బట్టీ పట్టించే పద్ధతిగా తోస్తుంది. అలసిన చెయ్యి బంతిని ఒరగబెట్టి వదులుతుంది. అలా ఇరవైసార్లు వదిలితే అదే దానికి అలవాటు. సాధన మొదట్లోనే, ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడే తన్నించండి. వరసగా రెండు బంతులు ఒరిగి దిగితే ఆ రోజుకి ఆపేయండి. పిల్లవాడు ఇంకొక్కటి, ఇంకొక్కటి అని బతిమాలుతాడు. ఇవ్వకండి. చివర మంచిదొకటి కొట్టి ముగించాలన్న కోరికే గోల్‌ని మళ్లీ కళ్లముందుకి తెస్తుంది.

రిచ్‌మండ్‌కి ఆడిన మాథ్యూ రిచర్డ్‌సన్‌ని చూడండి. 800 గోల్స్ కొట్టిన మహా ఆటగాడు, పరుగులో, ఎగిరి మార్క్ పట్టడంలో అతనికి సాటి కొద్దిమందే. అయినా తేలికైనవి వదిలి కష్టమైనవి కొడతాడన్న పేరు చివరిదాకా వెంటాడింది. నాకు అందులో ఆశ్చర్యం లేదు. కష్టమైన కోణంలో మనిషి ఆశ వదులుకుంటాడు, తన్నుడు మీదే మనసు పెడతాడు. ఎదురుగా, దగ్గరగా వచ్చేసరికి గోల్ అప్పుడే కొట్టేసినట్టు కనబడుతుంది, కళ్లు బంతిని ఒక క్షణం ముందుగా వదిలేస్తాయి. అందుకే 15 మీటర్ల షాట్‌కి కూడా పిల్లవాడు పూర్తిగా అదే తతంగం చెయ్యాలి. వెనక్కి నడవడం, తిరగడం, ఒకసారి చూడడం, దించడం, నడవడం. ఒక్క మెట్టు తగ్గకూడదు. దగ్గరే కదా అని నిలబడి తన్నేస్తే మందలించండి, గోల్ పడినా సరే మందలించండి.

అమ్మాయిలున్న ఇళ్లకి ఒక మాట. 2019లో టేలా హారిస్ తన్నుతూ గాల్లోకి లేచిన ఫొటో దేశమంతా తిరిగింది, ఆ ఏడాదే మెల్‌బోర్న్ ఫెడరేషన్ స్క్వేర్‌లో దానికి విగ్రహం కూడా నిలబెట్టారు. దాని ముందు నిలబడి కాలు ఎత్తి ఫొటో దిగడం చక్కగా ఉంటుంది. సెట్ షాట్‌లో మాత్రం ఎగరొద్దని చెప్పండి. నిలబడిన కాలు నేలని పట్టుకునే ఉండాలి, తన్నిన కాలు గీత మీదుగానే పైకి వెళ్లాలి, తన్నాక రెండడుగులు గోల్ వైపే నడవాలి. పక్కకి పడిపోతున్న ఒళ్లు బంతిని కూడా పక్కకే లాగుతుంది.

ఇక తల్లిదండ్రులు. పోస్టుల వెనక నిలబడకండి. పిల్లవాడి కళ్లు మిమ్మల్ని వెతుకుతాయి, తల లేస్తుంది. ఫోన్ ఎత్తి వీడియో తీయకండి. తీసినా చేతుల దగ్గరకి తీయండి, నడుము నుంచి పాదం దాకా, బంతి దిగే ఆ అర సెకను. గోల్ పడితే చప్పట్లు వద్దు, బిహైండ్ అయితే 'పర్లేదు కన్నా, ఒక పాయింటు వచ్చిందిగా' అన్న ఓదార్పూ వద్దు. కారులో ఇంటికి వచ్చేటప్పుడు ఎన్ని కొట్టావని అడగకండి. బంతి నిలువుగా దిగిందా అని అడగండి. దిగలేదంటే ఏ చెయ్యి ముందు వదిలిందో అడగండి. తెలియదంటే రాత్రి టైల్స్ మీద మళ్లీ మొదలు, బూట్లు విప్పి, టీవీ కట్టేసి.